నివురుగప్పిన పరిమళం

1970 అక్టోబరులో చైనాలోని షియాన్ నగర శివారు హెజియా గ్రామంలో తవ్వకం పనులు జరుగుతుంటే రెండు పెద్ద జాడీలు బయటపడ్డాయి. వాటి నిండా బంగారం, వెండి. టాంగ్ వంశపు కాలంలో, అంటే దాదాపు పన్నెండు వందల ఏళ్ల కిందట, ఎవరో పాతిపెట్టి మళ్లీ తీసుకోలేకపోయిన సొత్తు అది. వెయ్యికి పైగా వస్తువులున్న ఆ నిధిలో నిమ్మకాయంత వెండి బంతి ఒకటుంది. అడ్డంగా చూస్తే సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. ఒళ్లంతా జాలీ పని: ద్రాక్ష తీగలు, పూలు, పిట్టలు. మధ్యలో బందు ఉంది; కుంకుమ భరిణెలా రెండుగా తెరుచుకుంటుంది.

తెరిస్తే లోపల రెండు సన్నని వలయాలు, వాటి నడుమ చిన్న బంగారు గిన్నె. వలయాలు ఒకదానికొకటి అడ్డంగా తిరిగేలా మేకులతో బిగించారు. బంతిని ఎటు దొర్లించినా, తలకిందులు చేసినా గిన్నె మాత్రం మూతి పైకే ఉంచుకుని నిలకడగా ఉంటుంది. అందులో నిప్పు కణిక, దాని మీద సుగంధద్రవ్యం వేసి మూసేస్తే, నడుముకు కట్టుకుని నడవవచ్చు, దుప్పటి కింద పెట్టుకుని పడుకోవచ్చు. నిప్పు ఒలకదు. ఓడ ఎంత ఊగినా దిక్సూచిని సమంగా ఉంచే ఏర్పాటుది కూడా ఇదే సూత్రం.

ఈ బంతి ఒక పాత చిక్కుముడిని కూడా విప్పింది. షువాన్‌జోంగ్ చక్రవర్తి ప్రియురాలు యాంగ్ గుయిఫే 756లో తిరుగుబాటు రోజుల్లో ప్రాణం పోగొట్టుకుంది. ఆమెను దారిలోనే పూడ్చిపెట్టారు. తర్వాత రహస్యంగా మరో చోటికి మార్చబోయి సమాధి తెరిచినప్పుడు, దేహం శిథిలమైపోయినా ఆమె సుగంధపు సంచి మాత్రం చెక్కుచెదరలేదని చరిత్ర గ్రంథం చెబుతుంది. గుడ్డసంచి మట్టిలో ఎలా నిలిచిందని చదివినవాళ్లు ఆశ్చర్యపోయేవారు. 1987లో ఫామెన్ ఆలయం నేలమాళిగలో ఇలాంటి బంతులే మరి రెండు దొరికాయి. వాటితోపాటు దొరికిన రాతి జాబితాలో వాటి పేరు ‘సుగంధపు సంచి’ అనే ఉంది. గుయిఫే దగ్గర మిగిలింది కూడా ఇలాంటి లోహపు బంతే అయివుంటుందని అప్పుడు పండితులకు తట్టింది.

పరిమళాన్ని ఇంతగా ఒంటికి ఆనించుకుని బతికిన నాగరికత పేరుతో ఇవాళ ధూపాలు, సంచులు, నూనెలు, చెక్క పూసలు అమ్ముతున్నారు. ఒత్తిడి పోతుందంటారు, నిద్ర పడుతుందంటారు, రోగం రాదంటారు. ఇందులో నిజమెంత? జవాబు చెప్పాలంటే ముందు పరిమళాన్నీ పొగనూ విడదీసి చూడాలి. ఆ పని చైనావాళ్లే వెయ్యేళ్ల కిందట మొదలుపెట్టారు.

వాసన చూడటం, వాసన వినడం

తెలుగులో మనం వాసన ‘చూస్తాం’. చైనీయులు వాసనకు వాడే ‘వెన్’ అన్న మాట పుట్టుకలో వినికిడికి సంబంధించింది. ఆ అక్షరంలో తలుపు బొమ్మ నడుమ చెవి ఉంటుంది. సంప్రదాయ చైనా వైద్యుడు రోగిని నాలుగు విధాల పరీక్షిస్తాడు: చూడటం, ‘వెన్’, అడగటం, నాడి పట్టడం. ఆ రెండోదానిలో రోగి గొంతు, దగ్గు, ఊపిరి చప్పుడు వినడంతోపాటు నోటి వాసన, ఒంటి వాసన పసిగట్టడం కూడా ఉంది.

పరిమళానికి వాళ్ల మాట ‘షియాంగ్’. ధూపానికీ అదే మాట. ఆ అక్షరంలో పైన ధాన్యం, కింద తీపి అనే గుర్తులు కలిసి ఉండేవి. అంటే వంటింట్లో గింజ ఉడికే కమ్మదనంతో మొదలైన మాట గుడిలో ధూపం దాకా వెళ్లింది. కమ్మని వాసన అని మనం పులుసునూ అంటాం, పువ్వునూ అంటాం; అలాంటిదే ఇదీ.

హునాన్ రాష్ట్రం చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో 1972లో తవ్విన సమాధి దీనికి మంచి సాక్ష్యం. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో, హాన్ వంశపు రోజుల్లో ఒక ప్రభువు భార్య అయిన షిన్ ఝుయ్‌ది అది. ఆమె దిండులో దూదికి బదులు సువాసన ఆకులు కూరారు. రెండు చేతుల్లో కుట్టుపని చేసిన చిన్న మూలికల సంచులు పెట్టారు. పక్కన మట్టి ధూపపాత్రలు, సంచుల్లో దాల్చినచెక్క జాతి బెరడు, అల్లం, దుంపరాష్ట్రం లాంటివి. అన్నీ దేశవాళీ సరుకే. అదే హాన్ వంశపు కొలువులో అధికారులు చక్రవర్తితో మాట్లాడేటప్పుడు నోట్లో లవంగం పెట్టుకునేవారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘కోడినాలుక పరిమళం’. లవంగం దూరపు దీవుల పంట. దక్షిణ సముద్రాల సరుకు అప్పటికే చైనా చేరుతోందన్నమాట.

ఓడలో రెండు టన్నులు

చైనా సుగంధశాస్త్రం నాలుగు ద్రవ్యాలకు పెద్దపీట వేస్తుంది: అగరు, చందనం, పచ్చకర్పూరం, కస్తూరి. తిరుమల తీర్థం రుచి ఎరిగినవాళ్లకు పచ్చకర్పూరం గురించి చెప్పనక్కరలేదు. కస్తూరి చైనా, టిబెట్ కొండల జింకది. పచ్చకర్పూరం బోర్నియో, సుమత్రా అడవులది. చందనం మన దేశం నుంచీ ఆగ్నేయాసియా దీవుల నుంచీ వెళ్లేది. బౌద్ధంతోపాటు ‘చందన’ అన్న మాట కూడా వెళ్లి వాళ్ల నోట ‘ఝాన్‌తాన్’ అయింది. అగరు హైనాన్ దీవిలో, వియత్నాంలో దొరికేది. ఆ చెట్టు చెక్క మామూలుగా తెల్లగా, వాసన లేకుండా ఉంటుంది. గాయమై బూజు పట్టినప్పుడు చెట్టు తనను కాపాడుకోవడానికి నల్లని జిగురు ఊరుస్తుంది. ఆ జిగురు పట్టిన చెక్కే అగరు. జిగురు ఎక్కువైతే నీళ్లలో మునుగుతుంది. అందుకే చైనీయులు దాన్ని ‘మునిగే పరిమళం’ అన్నారు.

సోంగ్ వంశం రోజుల్లో (960–1279) ఈ వ్యాపారం ఉచ్చస్థితికి చేరింది. ఫుజియాన్ తీరంలోని చువాన్‌జౌ రేవులో 1087లో సముద్ర వ్యాపార కార్యాలయం పెట్టారు. 1974లో ఆ రేవు బురదలోంచి సోంగ్ కాలపు ఓడ ఒకటి తీశారు. అందులో అగరు, చందనం, సాంబ్రాణి జాతి బంకలు, మిరియాలు కలిపి తడితో తూస్తే రెండు టన్నులకు పైనే తేలాయి. ఈ సముద్రపు దారిలో మన తీరానికీ చోటుంది. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో సుంకాల పట్టిక ఉంది. గంధం, జవ్వాది, పన్నీరు, ముత్యాలతోపాటు చైనా కర్పూరానికీ అందులో రేటు కట్టారు.

సోంగ్ కాలంలో ధూపం గుడి గడప దాటి నట్టింట్లోకి వచ్చింది. ధూపం వేయడం, టీ కలపడం, చిత్రపటం వేలాడదీయడం, పూలు అమర్చడం — ఈ నాలుగూ తెలిసినవాడే ఇంటి మర్యాద తెలిసినవాడు. ఇప్పుడు పెళ్లికి వంటవాళ్లనూ షామియానావాళ్లనూ మాట్లాడుకున్నట్టు, హాంగ్‌జౌ నగరంలో విందు చేసేవాళ్లకు సుగంధాల పని చూసే మనుషులు విడిగా అద్దెకు దొరికేవారు. కవి సు షి హైనాన్‌లో ప్రవాస శిక్ష అనుభవిస్తూ, తమ్ముడి అరవయ్యో పుట్టినరోజుకు పంపిన కానుక కొండ ఆకారంలో ఉన్న అగరు చెక్క.

నివురు కింద నిప్పు

అగరుబత్తి ముట్టించి గోడకు గుచ్చడమే మనకు తెలిసిన ధూపం. సోంగ్ పండితుల పద్ధతి వేరు. దాన్ని ఒక్కో మెట్టూ చూద్దాం.

గిన్నెంత ధూపపాత్రలో మెత్తని తెల్లని బూడిద నింపుతారు. చిటికెన వేలు చివరంత బొగ్గు బిళ్లను విడిగా కాల్చి, పొగంతా పోయి ఎర్రగా రాజుకున్నాక బూడిదలో పాతుతారు. పైన బూడిదను కొండలా పేర్చి, చదును చేసి, శిఖరం నుంచి బొగ్గు దాకా ఊచతో ఒక రంధ్రం పొడుస్తారు. నిప్పుకు ఊపిరి ఆడాలి కదా. ఆ రంధ్రం మీద పలచని వెండి రేకు గానీ అభ్రకం బిళ్ల గానీ పెడతారు. దాని మీద గోరంత అగరు ముక్క. సెగ తగిలి చెక్కలోని నూనె మెల్లగా ఆవిరవుతుంది. చెక్క కాలదు, కనుక పొగ రాదు. పాత్రను ఎడమ చేత పట్టుకుని, కుడి అరచేయి గొడుగులా అడ్డుపెట్టి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని నిదానంగా పీలుస్తారు. ఊపిరి వదిలేటప్పుడు మొహం పక్కకు తిప్పుతారు.

నివురుగప్పిన నిప్పు అనే మాటను మనం లోపల దాగిన కోపానికో ప్రమాదానికో వాడతాం. వాళ్లు దాన్ని కళ చేశారు. సెగ ఎక్కువైతే చెక్క మాడుతుంది. మాడిన వాసన వస్తే చేతకానితనం. బూడిద మందంతో సెగను అదుపు చేయడమే అందులోని నేర్పు.

ఇంకో పద్ధతి ధూపపు ముగ్గు. బూడిదను చదును చేసి, చిల్లుల ఇత్తడి అచ్చు పెట్టి, చిల్లుల్లో సుగంధపు పొడి నింపి, మెల్లగా తట్టి అచ్చు పైకెత్తుతారు. తెగని గీతతో వేసిన మెలికల ముగ్గు మిగులుతుంది. ఒక కొసన ముట్టిస్తే నిప్పు గీత వెంట పాకుతూ పోతుంది. ఇది గడియారం కూడా. పగలూ రాత్రీ కలిపి నూరు భాగాలుగా లెక్కపెట్టే రోజుల్లో నూరు గుర్తుల ముగ్గు ఉండేది. నిప్పు ఎక్కడిదాకా వచ్చిందో చూసి వేళ చెప్పేవారు. చేయి వణికితే గీత తెగుతుంది, మళ్లీ మొదటికి రావాల్సిందే. ప్రశాంతత ధూపంలో ఎంత ఉందో తెలియదు గానీ, ఈ పనిలో తప్పకుండా ఉంది.

వైద్యుడి చేతిలో

చైనా వైద్యంలో సుగంధాలకు ముఖ్యంగా రెండు పనులు అప్పగించారు. మొదటిది ‘తేమను’ విడగొట్టడం. వానాకాలంలో ఒళ్లు బరువెక్కడం, ఆకలి మందగించడం, కడుపు ఉబ్బరం లాంటివి లోపల చేరిన తేమ వల్ల వస్తాయని వాళ్ల లెక్క. సువాసన మూలికలు దాన్ని కదిలించి జీర్ణశక్తిని మేల్కొలుపుతాయంటారు. రెండోది మూసుకుపోయిన ‘ద్వారాలు’ తెరవడం: స్పృహ తప్పినవాళ్లకు కస్తూరి, కర్పూరం లాంటి ఘాటు ద్రవ్యాలు ఇవ్వడం. ఇవి వాళ్ల శాస్త్రం పరిభాష. మన వాత పిత్త కఫాల మాదిరిగా అందులోనే అర్థం చేసుకోవాలి.

సోంగ్ ప్రభుత్వం నడిపిన మందుల దుకాణాల యోగాల పుస్తకంలో ‘సుహెషియాంగ్’ మాత్ర ఒకటుంది. హఠాత్తుగా పడిపోయినవాళ్లకూ, గుండెలోనో కడుపులోనో పోటు వచ్చినవాళ్లకూ ఇచ్చేవారు. అందులోని సరుకులు చూడండి: అగరు, చందనం, లవంగం, కస్తూరి, పచ్చకర్పూరం, సాంబ్రాణి. వాటి పక్కన మన కరక్కాయ, పిప్పళ్లు. వాటి పక్కనే ఖడ్గమృగం కొమ్ము, పాదరసం ఉండే ఇంగిలీకం. పాత యోగం కాబట్టి మంచిదే అనుకోవడానికి వీల్లేదని ఈ ఒక్క మాత్రే చెబుతోంది.

జనజీవితంలో నిలిచింది ఇంకా తేలికైన వైద్యం. చాంద్రమానం ఐదో నెల ఐదో రోజు డ్రాగన్ పడవల పండుగ. ఎండలు ముదిరి, పురుగూ పుట్రా పెరిగే కాలం. ఆ రోజు గుమ్మాలకు ‘ఆయ్’ ఆకు, వస జాతి ఆకులు కడతారు. పిల్లల మెడలో మూలికల సంచులు వేస్తారు. గాన్సు రాష్ట్రం చింగ్‌యాంగ్‌లో ఈ సంచుల కుట్టుపనిని 2006లో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. ‘ఆయ్’ అంటే మనకు పరాయిది కాదు. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రిలో మొదట చదివే మాచిపత్రికి దగ్గరి చుట్టం. రెండూ ఆర్టెమిసియా ప్రజాతివే. ఎండిన ‘ఆయ్’ను చుట్టలా చుట్టి ముట్టించి, ఒంటి మీద ఎంచిన చోట్ల సెగ తగిలించే చికిత్స కూడా ఉంది. సూదుల వైద్యంతో కలిపి దాన్ని యునెస్కో 2010లో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

అదే ప్రజాతిలో చింగ్‌హావ్ అనే మొక్క ఉంది. మలేరియా మందు కోసం వెతుకుతున్న శాస్త్రవేత్త తు యూయూ నాలుగో శతాబ్దపు గె హాంగ్ పుస్తకంలో ఒక చిన్న సూచన చూశారు: ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని. కాచమని లేదు. వేడికి మందు పాడవుతోందేమోనని ఆమె 1971లో ఈథర్‌తో తక్కువ వేడి మీద సారం తీశారు. ఆర్టెమిసినిన్ దొరికింది, 2015లో నోబెల్ వచ్చింది. ఆనవాలు పాత పుస్తకానిది, రుజువు ప్రయోగశాలది. సంప్రదాయాన్ని గౌరవించడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

ముక్కు నుంచి మెదడుకు

మరి వాసన మనసును కుదుటపరుస్తుందన్న మాటకు ఆధారం ఉందా? కొంత ఉంది. చూపు, వినికిడి లాంటి కబుర్లు మెదడులో థాలమస్ అనే కూడలి దాటి లోపలికి వెళతాయి. వాసన కబురు ఆ కూడలితో పని లేకుండా ఉద్వేగాలకూ జ్ఞాపకాలకూ నెలవైన భాగాలకు సూటిగా చేరుతుంది. తొలకరి మట్టి వాసనకు చిన్నతనం గుర్తుకు రావడం అందుకే. కాబట్టి ఇష్టమైన వాసన మనసును తేలికపరచడంలో వింత లేదు. కానీ ఇష్టం ఎవరి అలవాటును బట్టి వాళ్లది. గుడి ధూపంతో పెరిగినవాళ్లకు అగరు శాంతినిస్తే, ఇంకొకరికి తలనొప్పి తెప్పించవచ్చు.

సుగంధాలతో నిద్ర, ఆందోళన మెరుగుపడతాయన్న పరిశోధనలు చాలావరకు కొద్దిమంది మీద, కొద్దికాలం చేసినవి. వాసన కనిపెట్టేస్తారు కాబట్టి అసలు మందునూ ఉత్తుత్తి మందునూ తెలియకుండా ఇచ్చి పోల్చడమూ కష్టం. అందుచేత హాయి కలుగుతుందంటే ఒప్పుకోవచ్చు, రోగం నయమవుతుందంటే ఒప్పుకోకూడదు. అరగంట ఫోను పక్కన పెట్టి, బూడిద చదును చేసి, నెమ్మదిగా ఊపిరి తీసిన మనిషికి నెమ్మది కలిగితే అందులో ఆ అరగంటకూ ఆ ఊపిరికీ వాటా ఉంది.

పొగ లెక్క

సువాసనగా ఉన్నంత మాత్రాన పొగ పొగ కాకుండా పోదు. ఒక గ్రాము ధూపం కాలిస్తే 45 మిల్లీగ్రాములకు పైగా సన్నని రేణువులు వెలువడుతున్నాయనీ, సిగరెట్ అయితే 10 మిల్లీగ్రాములేననీ 1996లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. సిగరెట్ పొగను సూటిగా పీలుస్తాం, ధూపం గదిలో పలచబడుతుంది. కాబట్టి రెండూ ఒకటేనని అనలేం. కానీ తలుపులు మూసిన గదిలో రోజూ గంటల తరబడి అయితే లెక్క వేరు.

సింగపూర్‌లో 45 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్న 63,257 మంది చైనీయులను 1993–98లో నమోదు చేసుకుని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో ఎక్కువమంది ఇంట్లో ధూపం వెలిగించేవాళ్లే. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, దీర్ఘకాలం ధూపం వాడినవాళ్లలో శ్వాసమార్గంలో స్క్వామస్ రకం క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే అలాంటి పెరుగుదల లేదు. 2014లో వచ్చిన ఫలితాల్లో, ధూపం వాడుతున్నవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే అవకాశం సుమారు 12 శాతం ఎక్కువని తేలింది. ఇవి జనాన్ని గమనించి చెప్పినవి. ధూపమే కారణమని తేల్చవు గానీ, జాగ్రత్త పడమని గట్టిగానే చెబుతాయి.

ఈ మాట గుళ్లకూ చేరింది. తైపేలోని షింగ్‌తియన్ ఆలయం భక్తులతో కిటకిటలాడే చోటు. 2014 ఆగస్టులో అక్కడ ధూపపాత్రలు తీసేశారు. భక్తులు చేతులు జోడించి మొక్కుకుంటున్నారు.

కొనే ముందు

అగరు పేరు చెప్పుకుని బతికే బత్తీల్లో చాలావాటిలో అగరు ఉండదు. పుల్ల, జిగట పొడి, బొగ్గు, కృత్రిమ సెంటు ఉంటాయి. అసలు అగరు బంగారంతో పోటీపడే ధర పలుకుతుంది కాబట్టి, మామూలు చెక్కకు నూనె ఎక్కించి, రంగు వేసి, బరువు పెంచి అమ్మే మోసాలు ఎక్కువ. చెట్లు అడవుల్లో తరిగిపోవడంతో అగరునిచ్చే అక్విలేరియా జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రాలు తప్పనిసరి చేస్తూ 2004లో నిర్ణయం జరిగింది. కస్తూరి జింకను 2003లో చైనా మొదటి తరగతి రక్షిత జంతువుల్లో చేర్చింది. ‘అడవి అగరు’, ‘అసలు కస్తూరి’ అని చౌకగా ఎవరైనా అమ్మితే అది నకిలీ అయినా కావాలి, దొంగసరుకైనా కావాలి.

చైనా సుగంధ సంస్కృతిలో మనం తీసుకోదగ్గది ఏమిటంటే, పొగ తగ్గించి పరిమళం మిగుల్చుకునే ఆ నేర్పు. ధూపం వేయాలనుకుంటే కిటికీలు తెరవండి, ఒక్క పుల్లతో సరిపెట్టండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండకపోవడం మేలు. ఏ సుగంధమూ డాక్టరు రాసిన మందు బదులు కాదు. చివరిగా ఒక మాట: మన ఇళ్లలో పసిబిడ్డకు తలంటి పోశాక బుట్ట కింద సాంబ్రాణి పెట్టి, పొగ మీదికి బిడ్డ తలను పట్టే అలవాటు ఇంకా ఉంది. ఆ చిన్న ఊపిరితిత్తులకు పొగ పడదు. తల పొడిబట్టతో తుడిచి ఆరబెట్టండి. సాంబ్రాణి వాసన కావాలంటే బిడ్డ బట్టలకు ముందుగానే పట్టించి, గాలికి ఆరనిచ్చి, తర్వాత తొడగండి.